ఓకో అనే ఒక్క కార్డు వల్ల మా ఆదివారం ఆట పాడైపోతోంది, బ్యాన్ చేయాలా వద్దా?

కొండాపూర్_కార్డులు
ఆదివారాలు కొండాపూర్‌లో ఒక బోర్డ్ గేమ్ కెఫేలో మ్యాజిక్: ది గ్యాదరింగ్ అనే కార్డుల ఆట ఆడతాం. కొత్త సెట్ వచ్చినప్పుడల్లా కొనే స్తోమత అందరికీ లేదు కాబట్టి 2019 చివరి స్టాండర్డ్ (కొత్తగా వచ్చిన కొన్ని సెట్లతోనే ఆడే పద్ధతి) దగ్గర ఆగిపోయాం. గిల్డ్స్ ఆఫ్ రావ్నికా నుంచి థ్రోన్ ఆఫ్ ఎల్డ్రేన్ దాకా అయిదు సెట్లు, అంతే, ఇంకేం కలపం. చాలాకాలం బాగా సాగింది. ఎవరి డెక్ వాళ్లది, ఎవరు గెలుస్తారో చివరిదాకా తెలిసేది కాదు.

ఈమధ్య ఒకాయన నాలుగు ఓకోలు తెప్పించుకున్నాడు. అప్పట్నుంచి అందరం ఓకో చుట్టూనే ఆడుతున్నాం. మా గ్రూప్‌లో ఇంటర్ చదివే తమ్ముడు ఒకడున్నాడు, వాడికి డ్రాగన్లంటే ప్రాణం. ఏడు మానా (కార్డులు దింపడానికి కట్టే శక్తి) కూడబెట్టి డ్రాకుసెత్‌ని దింపుతాడు, అవతలివాడు ఓకోకున్న ప్లస్ వన్ శక్తి వాడతాడు, 7/7 (దాడి బలం 7, తట్టుకునే బలం 7) డ్రాగన్ కాస్తా ఎగరడం కూడా రాని 3/3 ఎల్క్ (దుప్పి) అయి కూర్చుంటుంది. గత వారం వాడు రాలేదు. ఎందుకురా అని మెసేజ్ పెడితే "నా డెక్‌తో వచ్చి ఏం చేయాలి అన్నా" అన్నాడు. అది చదివాక నాకు మనసు పాడైంది. మిగతావాళ్లు కూడా ఒక్కొక్కరే ఓకో రంగులైన ఆకుపచ్చ-నీలం డెక్కులు కట్టడం మొదలుపెట్టారు.

సొంతంగా బ్యాన్ పెట్టుకోవాలా, లేక ఎదుర్కోవడం నేర్చుకోవాలా? డబ్బు పెట్టి కొన్నవాడికి అన్యాయం జరగకుండా ఏం చేయొచ్చో చెప్పండి.

ఇరానీచాయ్42
ఇందులో అడగడానికేముంది? ఓకో 2019 అక్టోబర్ 4న విడుదలైంది, నవంబర్ 18న స్టాండర్డ్‌లో బ్యాన్ అయింది. మొత్తం 45 రోజులు. మీరు సరిగ్గా ఆ 45 రోజుల్లో ఆగిపోయి ఆడుతున్నారు.

మియాపూర్_మానా
ఆ "ఒకాయన" నేనే. ఇక్కడ పెట్టే ముందు నాతో ఒక మాట అని ఉంటే బాగుండేది, సరే. ఆ కార్డుల్ని డాలస్‌లో ఉండే మా బావతో తెప్పించుకున్నాను, ఆయన సెలవులకి వచ్చేదాకా ఆగాను. ఏ అయిదు సెట్లు ఆడాలో అందరం కలిసి అనుకున్నాం, ఆ రోజు ఓకో వద్దని ఎవరూ అనలేదు. రూల్ లోపలే ఆడుతున్నాను.

పైగా ఓకోని ఆపలేమన్నది అబద్ధం. నాక్షస్ గ్రాస్ప్ ఉంది, రెండు మానా, ఓకో లాంటి ఆకుపచ్చ ప్లేన్స్‌వాకర్‌ని నేరుగా చంపేస్తుంది, పైగా ఒక లైఫ్ కూడా ఇస్తుంది. మర్డరస్ రైడర్ ఉంది, అదీ చంపుతుంది. నీలం ఆడేవాళ్లకి మిస్టికల్ డిస్ప్యూట్ ఉంది, ఓకోలో నీలం ఉంది కాబట్టి ఒక్క మానాకే కౌంటర్ (దిగకముందే రద్దు) చేయొచ్చు. వీటిలో ఒక్కటైనా ఎవరి డెక్‌లోనైనా ఉందా? లేదు. ఓడిపోయాక కార్డు మీద పడుతున్నారు.

నీలిరంగు_పిచ్చి
నా డెక్‌లో డిస్ప్యూట్ నాలుగూ ఉన్నాయి. మీరు ఒక్క ఆకుపచ్చ మానాకి వెయిల్ ఆఫ్ సమ్మర్ వేస్తారు, నా కౌంటర్ పని చేయదు, పైగా మీకొక కార్డు డ్రా వస్తుంది. గ్రాస్ప్ వేసిన నల్ల డెక్ వాళ్లకీ అదే గతి. విరుగుడు ఉంది అంటున్నారు, ఆ విరుగుడుకి విరుగుడు కూడా మీ డెక్‌లోనే, అంతకంటే చవగ్గా ఉంది కదా. ఆట తయారుచేసే కంపెనీ ఓకోతో పాటు వెయిల్‌నీ, వన్స్ అపాన్ ఎ టైమ్‌నీ అదే రోజు బ్యాన్ చేయడానికి కారణం ఇదే కదా.

ఎర్రమంట_ఉప్పల్
ఈ ఆట కొత్తగా నేర్చుకుంటున్నాను. ఓకోలో అంత ఏముంది? చదివితే దుప్పి, తిండి, ఇదేదో పిల్లల కథలా ఉంది.

పాతకాపు
ఉప్పల్ తమ్ముడికి వివరంగా చెప్తాను, అసలు విషయం అక్కడే ఉంది.

మూడు మానా ప్లేన్స్‌వాకర్. అంటే ప్రతి టర్న్‌లో తన శక్తుల్లో ఒకటి వాడగల కార్డు. లాయల్టీ (దాని ప్రాణం లెక్క) నాలుగుతో దిగుతుంది. ఒక ఫుడ్ టోకెన్ తయారుచేస్తే లాయల్టీ రెండు పెరుగుతుంది, అంటే దిగిన టర్న్‌లోనే ఆరు. మూడు మానాకి వచ్చే ప్లేన్స్‌వాకర్‌కి ఆరు లాయల్టీ అంటే ఆ టర్న్‌లో దాన్ని కొట్టి చంపడం దాదాపు కుదరదు. తర్వాతి టర్న్‌లో ప్లస్ వన్‌తో ఆ ఫుడ్‌నే 3/3 ఎల్క్ చేసి దాడికి పంపొచ్చు. లేదా అవతలివాడి దగ్గరున్న మంచి క్రీచర్‌ని (పోరాడే జీవి కార్డుని) ఎల్క్ చేసేయొచ్చు. ఆ మార్పుకి గడువు లేదు, ఆ క్రీచర్ టేబుల్ మీద ఉన్నంతకాలం ఎల్కే. మామూలుగా ప్లేన్స్‌వాకర్ తనని తాను కాపాడుకోవాలంటే లాయల్టీ ఖర్చవుతుంది. ఇక్కడ కాపాడుకుంటూనే పెరుగుతుంది, దాడీ అదే, రక్షణా అదే.

దీనికి గిల్డెడ్ గూస్ అనే ఒక మానా కార్డు తోడైతే చెప్పక్కర్లేదు. మొదటి టర్న్‌లో గూస్ దిగుతుంది, దాంతో ఒక ఫుడ్ వస్తుంది. రెండో టర్న్‌లో ఆ ఫుడ్‌ని వాడితే ఒక మానా, రెండు ల్యాండ్స్‌తో (మానా ఇచ్చే కార్డులు) కలిపి మూడు. ఓకో రెండో టర్న్‌కే టేబుల్ మీదుంటుంది. అప్పటికి అవతలివాడు రెండో ల్యాండ్ పెట్టీ పెట్టక ముందే ఆట ఒక వైపు ఒరిగిపోతుంది.

ఆ కార్డు తయారుచేసినవాళ్లే తర్వాత రాశారు, ఎల్క్ చేసే శక్తిని ప్రత్యర్థి కార్డుల మీద ఎంతగా వాడతారో తాము తక్కువ అంచనా వేశామని. అంత అనుభవం ఉన్నవాళ్లు పరీక్షించి వదిలిన కార్డే ఇలా బయటపడింది, కాబట్టి మియాపూర్ తమ్ముడిని తప్పు పట్టడానికేమీ లేదు. కార్డు అలాంటిది.

మియాపూర్_మానా
పాతకాపు గారూ, గూస్ 0/2. ఒక ఎర్ర మానాకి షాక్ వేస్తే చచ్చిపోతుంది. రెండో టర్న్ ఓకో అన్నది ప్రతి ఆటలో జరిగే పని కాదు.

లెక్కల_మాస్టర్
ప్రతి ఆటలో జరగదు, కానీ ఓకో ఎంత తరచుగా చేతికొస్తుందో లెక్క చూద్దాం. 60 కార్డుల డెక్‌లో నాలుగు ఉంటే మొదటి ఏడు కార్డుల్లో కనీసం ఒక్కటి ఉండే అవకాశం దాదాపు 40 శాతం. రెండోగా ఆడేవాడు తన మూడో టర్న్‌కి 10 కార్డులు చూస్తాడు, అప్పటికి దాదాపు 53 శాతం. అంటే రెండు ఆటల్లో ఒకదాంట్లో సమయానికి చేతిలో ఉంటుంది. వన్స్ అపాన్ ఎ టైమ్ కూడా ఉంటే గూస్ గానీ ల్యాండ్ గానీ ఊరికే వెతికిపెడుతుంది, ఆటలో మొదటి స్పెల్ అదే అయితే మానా కూడా అక్కర్లేదు. కాబట్టి ఆ డెక్ తడబడడం అరుదు.

నా సలహా: పూర్తిగా తీసేయకుండా ఒక్క కాపీకే అనుమతి ఇవ్వండి. అప్పుడు 10 కార్డుల్లో కనిపించే అవకాశం 16.7 శాతానికి పడిపోతుంది. కార్డూ బతుకుతుంది, గ్రూపూ బతుకుతుంది.

బ్లూఐస్_మలక్‌పేట్
మాస్టారూ, ఒక్క కాపీ అన్నది లెక్కలో బాగుంటుంది, టేబుల్ మీద బాగుండదు. నేను యు-గి-ఓ అనే ఇంకో కార్డుల ఆట ఆడతాను, మాకు ఏ కార్డు ఒకటి, ఏది రెండు, ఏది అసలు కుదరదు అని పెద్ద లిస్టే ఉంటుంది. మరీ బలమైన కార్డుని ఒకటికి తగ్గిస్తే ఏమవుతుందంటే, అది ఎవరికి పడితే వాళ్లు గెలుస్తారు. ఓడినవాడికి ఇంకా మండుతుంది, తన ఆట బాగున్నా అదృష్టం చాల్లేదని. పాట్ ఆఫ్ గ్రీడ్ మా దగ్గర అందుకే ఒకటికి కూడా అనుమతి లేదు. ఏ ఖర్చూ లేకుండా రెండు కార్డులు డ్రా ఇచ్చే కార్డుని వద్దనుకునే డెక్ ఉంటుందా?

లెక్కల_మాస్టర్
మ్యాజిక్‌లో వింటేజ్ ఫార్మాట్ (పాత కార్డులూ చెల్లే పద్ధతి) అలాగే నడుస్తోంది కదా. 1993 నాటి బ్లాక్ లోటస్‌కి కూడా ఒక్క కాపీ అనుమతి ఉంది.

బ్లూఐస్_మలక్‌పేట్
అక్కడ ప్రతి డెక్‌లో అలాంటివి బోలెడుంటాయి కాబట్టి సరిపోతుంది. వీళ్ల గ్రూప్‌లో అందరి దగ్గరా లేదు.

ఇరానీచాయ్42
రమ్మీలో జోకర్ అందరికీ ఒకే పేక ముక్కల్లోంచి వస్తుంది. ఇక్కడ ఒకడు జోకర్లు ఇంటి నుంచి జేబులో పెట్టుకుని తెచ్చుకుంటున్నట్టుంది.

మియాపూర్_మానా
ఇది కలెక్టబుల్ కార్డ్ గేమ్. అందరూ కార్డులు ఇంటి నుంచే తెచ్చుకుంటారు భాయ్.

తార్నాక_తులసి
అయితే అందరికీ ఓకో ఇచ్చేయండి. ప్రాక్సీలు ప్రింట్ చేసుకోండి, మామూలు కార్డు ముందు కాగితం పెట్టి స్లీవ్‌లో తోస్తే చాలు. మాది క్యాంపస్ గ్రూప్, అసలు కార్డులకి డబ్బు పెట్టే పరిస్థితి ఎవరికీ లేదు, మేం ఇలాగే ఆడతాం. డబ్బున్నవాడు, లేనివాడు అన్న తేడా పోతుంది.

నీలిరంగు_పిచ్చి
తులసీ, డబ్బు తేడా పోతుంది, నిజమే, అది మంచి పని కూడా. కానీ ఓకో సమస్య పోదు. 2019 నవంబర్‌లో రిచ్‌మండ్‌లో జరిగిన మిథిక్ ఛాంపియన్‌షిప్‌లో అందరికీ కావాల్సినన్ని ఓకోలు ఉన్నాయి. ఏమైంది? మూడింట రెండు వంతుల డెక్కులు ఓకోవే. గెలిచింది కూడా ఆకుపచ్చ-నీలం ఓకో డెక్కే. ప్రపంచంలో బాగా ఆడేవాళ్లంతా కూర్చుని వెతికినా, దాన్ని కొట్టడానికి మంచి దారి దాన్నే ఆడడం అని తేలింది. కొండాపూర్‌లో మనం వేరే దారి కనిపెడతామా?

డ్రాగన్ తమ్ముడికి ప్రాక్సీ ఓకోలు చేతిలో పెడితే సంతోషిస్తాడా? వాడికి డ్రాగన్లు ఆడాలనుంది.

కొండాపూర్_కార్డులు
అదే, అదే నేను చెప్పలేకపోతున్నది. ఎవరు ఎన్ని గెలిచారన్నది నాకు బాధ కాదు. ఇంతకుముందు ఆదివారం వెళ్తే ఎర్ర బర్న్ ఒకటి, తెల్ల నైట్స్ ఒకటి, డ్రాగన్లు, సొంత క్రీచర్లని బలిచ్చే నల్ల-ఎరుపు సాక్రిఫైస్ ఒకటి, ఇన్ని రకాలు కనిపించేవి. ఇప్పుడు డెక్ కట్టేటప్పుడే "ఇది ఎల్క్ అయితే?" అని అడుగుతున్నారు. మంచి క్రీచర్ కోసం మానా దాచుకోవడంలో అర్థమే లేకుండా పోయింది.

సహేలీ_ఫ్యాన్
ఏ రంగుకీ చెందని కార్డు ఇంకా ప్రమాదం, దాన్ని చూసినవాళ్లకి ఓకో కొత్తేం కాదు. కళాదేశ్ గుర్తుందా? మన దేశం స్ఫూర్తితో చేసిన ప్రపంచం, 2016 సెప్టెంబర్ 30న వచ్చింది. మన పేర్లు, మన బట్టలు, ఆ బొమ్మలు చూసి ఎంత మురిసిపోయానో. అందులో స్మగ్లర్స్ కాప్టర్ అని రెండు మానా వెహికల్ ఉంది, ఎగిరే 3/3, దాడి చేసినా అడ్డుకున్నా ఒక కార్డు డ్రా చేసి ఒకటి పారేయొచ్చు. రంగు లేదు కాబట్టి క్రీచర్లున్న ఏ డెక్‌లోనైనా దూరిపోయేది. 2017 జనవరిలో బ్యాన్ చేశారు.

అంతటితో అయిపోలేదు. ఆ జనవరిలోనే ఈథర్ రివోల్ట్ సెట్‌తో ఫెలిడార్ గార్డియన్ అనే పిల్లి వచ్చింది. దాన్ని సహేలీ రాయ్‌తో కలిపితే అంతులేనన్ని పిల్లులు, నాలుగో టర్న్‌కి ఆట ఖతం. ఏప్రిల్‌లో ముందు మార్పులేమీ లేవని ప్రకటించి, రెండు రోజులకే మాట మార్చి పిల్లిని బ్యాన్ చేశారు. సహేలీ బతికిపోయింది, నాకు అది చాలు.

ఇక్కడ చూడాల్సింది ఏంటంటే, పిల్లి ఒక్కటే ఉంటే మామూలు కార్డు. సహేలీ ఒక్కతే ఉంటే బలహీనమైన ప్లేన్స్‌వాకర్. కార్డు బలం పక్కన ఏ కార్డులున్నాయో దాన్ని బట్టి ఉంటుంది. ఓకో విషయంలో కూడా గూస్, వెయిల్ తీసేసి ఓకోని ఉంచి చూడొచ్చు కదా?

పాతకాపు
అమ్మా సహేలీ ఫ్యాన్, ఆ పద్ధతి పిల్లికి పనికొస్తుంది, ఓకోకి పనికిరాదు. ఓకోకి తోడు అక్కర్లేదు. మోడర్న్‌లో 2020 జనవరిలో, లెగసీలో 2021 ఫిబ్రవరిలో బ్యాన్ అయింది, రెండూ పాత సెట్లూ చెల్లే పద్ధతులు. ఆ రెండు చోట్లా పక్కనున్న కార్డులు పూర్తిగా వేరు. ఎక్కడ పెట్టినా అదే పని చేసింది.

2004లో స్కల్‌క్లాంప్ నాటి నుంచి ఈ లొల్లి చూస్తున్నాను. ఒక మానా ఎక్విప్‌మెంట్, తగిలించడానికి ఇంకో మానా. క్రీచర్‌కి పవర్ ఒకటి పెరుగుతుంది, టఫ్‌నెస్ ఒకటి తగ్గుతుంది, అది చస్తే రెండు కార్డులు డ్రా. టఫ్‌నెస్ తగ్గడం చూడ్డానికి నష్టమే. తీరా చూస్తే 1/1 క్రీచర్‌కి తగిలిస్తే అదే చచ్చి రెండు కార్డులు ఇస్తోంది. ఫిబ్రవరిలో వచ్చింది, జూన్‌లో బ్యాన్. అప్పట్లో నాతో ఆడేవాళ్లు చాలామంది ఆ సీజన్‌లోనే మానేశారు. కొందరు మళ్లీ ఎప్పుడూ రాలేదు. అందుకే డ్రాగన్ పిల్లాడి మాట వింటే నాకు గాబరాగా ఉంది.

ఇంకో సంగతి. స్కల్‌క్లాంప్ తీసేశాక కూడా దాన్ని వాడిన అఫినిటీ డెక్ తగ్గలేదు. 2005 మార్చిలో ఆర్క్‌బౌండ్ రావజర్, డిసైపుల్ ఆఫ్ ది వాల్ట్, ఆరు ఆర్టిఫాక్ట్ ల్యాండ్స్, మొత్తం ఎనిమిది కార్డులు ఒకేసారి తీయాల్సి వచ్చింది. పెద్ద కార్డు పోగానే వెనకున్నది ముందుకొస్తుంది. ఓకో కూడా కొంతవరకు అలా వచ్చిందే. 2019 అక్టోబర్ 21న ఫీల్డ్ ఆఫ్ ది డెడ్ అనే ల్యాండ్‌ని బ్యాన్ చేశారు, అప్పటిదాకా అందరి కళ్లూ దాని మీదే. అది పోయాక ఓకోకి అడ్డే లేకుండా పోయింది.

డిజిటల్_దాసు
ఇదంతా కాగితం మీద ఆడడం వల్ల వచ్చిన తలనొప్పి. హార్త్‌స్టోన్ అనే డిజిటల్ కార్డుల ఆటలో అండర్‌టేకర్ అని ఒక మానా కార్డు ఉండేది, డెత్‌రాటిల్ (చచ్చినప్పుడు పనిచేసే) కార్డు దింపినప్పుడల్లా +1/+1 పెరిగేది. 2015 జనవరిలో పెరుగుదలని అటాక్‌కి మాత్రమే పరిమితం చేశారు. ఒకేసారి అందరి దగ్గరా మారిపోయింది. నచ్చనివాళ్లు కార్డు ఇచ్చేసి పూర్తి డస్ట్ (కార్డులు చేసుకునే పాయింట్లు) వెనక్కి తీసుకున్నారు. మీరు కూడా ఓకో మీద పెన్నుతో రాసుకోండి, "ఎల్క్ చేయడానికి ప్లస్ వన్ కాదు, మైనస్ వన్" అని.

మియాపూర్_మానా
నా కార్డు మీద పెన్ను పెట్టినవాడి చెయ్యి విరిచేస్తా.

నీలిరంగు_పిచ్చి
స్లీవ్ మీద స్టిక్కర్ అంటించొచ్చు లెండి 😀 కానీ దాసు చెప్పింది ఆలోచించదగ్గదే. ఎల్క్ మైనస్ వన్ అయితే రెండు మూడు సార్లు వాడేసరికి ఓకో నీరసపడతాడు. 2020 జూన్‌లో కంపానియన్ (డెక్ బయట ఉంచుకునే) కార్డులకి కంపెనీ కూడా దాదాపు ఇదే చేసింది, కార్డు బ్యాన్ చేయకుండా, చేతిలోకి తెచ్చుకోవాలంటే మూడు మానా కట్టాలని రూల్ మార్చింది.

పాతకాపు
కొత్తగా వచ్చేవాళ్లకి ప్రతిసారీ వివరించాలి, "ఈ కార్డు మీద రాసింది వేరు, మేం ఆడేది వేరు" అని. నాకు నచ్చలేదు. కార్డు మీద ఏముంటే అదే ఆడాలి, కుదరకపోతే పక్కన పెట్టాలి.

కమాండర్_కూకట్‌పల్లి
అందరూ కమాండర్‌కి వచ్చేయండి, మ్యాజిక్‌లోనే ఇంకో పద్ధతి. 100 కార్డులు, ఏదైనా ఒక్కటే కాపీ, నలుగురు కూర్చుంటారు. ఓకో అక్కడ ఇప్పటికీ చెల్లుతుంది, ఏ గొడవా లేదు. ఎందుకంటే ముగ్గురు కలిసి నీ మీద పడతారు.

బ్లూఐస్_మలక్‌పేట్
కమాండర్‌లో గొడవ లేదా? 2024 సెప్టెంబర్ 23న మానా క్రిప్ట్, జ్యువెల్డ్ లోటస్, డాక్‌సైడ్, నాదు ఒకేసారి బ్యాన్ చేసినప్పుడు ఎంత రచ్చ అయింది. వారం తిరిగేసరికి కమాండర్ రూల్స్ చూసే కమిటీ బాధ్యతంతా కంపెనీకి అప్పగించేసింది. మీ అందరి డెక్కుల్లో ఉండే సోల్ రింగ్ మాత్రం ఇంకా ఉంది, ఒక మానా పెడితే ప్రతి టర్న్ రెండు ఇచ్చే కార్డు.

కమాండర్_కూకట్‌పల్లి
సోల్ రింగ్ జోలికి రావద్దు 🙏 అది అందరి దగ్గరా ఉంటుంది, కొనే డెక్‌తోనే వస్తుంది.

పోకె_అక్క_సైనిక్‌పురి
ఓ మాట. కార్డు బలంగా ఉందా లేదా అని మాత్రమే మాట్లాడుతున్నారు, ఆటకి ఎంత టైమ్ పడుతోందో కూడా చూడండి. పోకెమాన్‌లో లైసాండర్స్ ట్రంప్ కార్డ్ అని ఒకటి ఉండేది, ఇద్దరి డిస్కార్డ్ పైల్స్‌నీ మళ్లీ డెక్‌లో కలిపేస్తుంది. దాంతో నేరుగా ఎవరూ గెలవరు. కానీ కార్డులు అయిపోతాయన్న భయమే లేకుండా పోయి ఆటలు సాగీ సాగీ ఉండేవి. 2015లో బ్యాన్ చేశారు. మా పిల్లలిద్దరితో ఆడేటప్పుడు కూడా ఆ కార్డు తీసేశాను, లేకపోతే అన్నాల వేళ దాటిపోయేది.

ఓకో ఆటలు ఎంతసేపు పడుతున్నాయి మీకు? ఆదివారం ఒక్కొక్కరికి ఎన్ని ఆటలు దక్కుతున్నాయి?

కొండాపూర్_కార్డులు
అక్కా, మంచి ప్రశ్న అడిగారు. ఒక వైపే ఓకో ఉంటే త్వరగా ఒరిగిపోతుంది కానీ త్వరగా ముగియదు, ఎందుకంటే ఫుడ్ తింటూ లైఫ్ పెంచుకుంటూ ఉంటారు. రెండు వైపులా ఓకో ఉంటే ఇక చెప్పొద్దు, టేబుల్ నిండా ఎల్కులు, ఎవరూ దాడి చేయరు. కెఫేవాళ్లు గంటకింత అని తీసుకుంటారు, అది కూడా ఆలోచించాలి.

ఇరానీచాయ్42
మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌కి రండి, ఫ్రీ. కాకపోతే సెక్రటరీ గారు వచ్చి "పేకాట ఆడుతున్నారా" అని అడుగుతారు, డ్రాగన్ బొమ్మలు చూపిస్తే వెళ్లిపోతారు.

మియాపూర్_మానా
అన్నీ చదివాను. నా మాట ఇది. నాకు ఓకో ఇష్టం, బాగా ఆలోచించి ఆడాల్సిన కార్డు, ఫుడ్ చేయాలా ఎల్క్ చేయాలా అన్న నిర్ణయం ప్రతి టర్న్‌లో ఉంటుంది. అది బుర్రలేని ఆట అంటే ఒప్పుకోను. పూర్తిగా బ్యాన్ అంటే కూడా ఒప్పుకోను, డబ్బు సంగతి పక్కనపెట్టినా.

కానీ తమ్ముడు రావడం మానేశాడన్న సంగతి నాకు ఇక్కడ చదివేదాకా తెలియదు. వాడికి డ్రాఫ్టింగ్ (అప్పటికప్పుడు ప్యాకెట్లు విప్పి డెక్ కట్టడం) నేర్పింది నేనే. కాబట్టి నెలలో మొదటి ఆదివారం ఏ కార్డైనా ఆడే రోజుగా పెట్టుకుందాం, తులసి చెప్పినట్టు ప్రాక్సీలకీ సరే. మిగతా ఆదివారాలు ఓకో తీసుకురాను. అయితే ఆ రోజుల్లో వెయిల్ కూడా ఎవరూ ఆడకూడదు, నేను మాత్రమే త్యాగం చేస్తే కుదరదు.

నీలిరంగు_పిచ్చి
వెయిల్ తీయడానికి నేను రెడీ. వన్స్ అపాన్ ఎ టైమ్?

లెక్కల_మాస్టర్
దాన్ని ఉంచి చూడండి, ఓకో లేకపోతే అది తెచ్చేది మామూలు క్రీచర్నే. రెండు నెలలు ఎవరు ఏ డెక్ ఆడారో రాసి పెట్టుకోండి, గెలుపోటములు కాదు, డెక్కుల పేర్లు. ఎన్ని రకాలు తిరిగొచ్చాయో తెలుస్తుంది.

పాతకాపు
రాసేటప్పుడు కాల్డ్రన్ ఫెమిలియర్, విచెస్ ఓవెన్ కలిపి ఆడే సాక్రిఫైస్ డెక్ మీదా, ఫైర్స్ ఆఫ్ ఇన్వెన్షన్ మీదా కన్నేసి ఉంచండి. ఓకో పోయాక అప్పట్లో పైకొచ్చినవి అవే. ఫైర్స్‌ని 2020 జూన్‌లో, ఫెమిలియర్‌ని ఆగస్టులో బ్యాన్ చేశారు. మీ దగ్గర సాక్రిఫైస్ డెక్ ఆల్రెడీ ఒకటుంది అన్నారు కదా.

కొండాపూర్_కార్డులు
ఉంది, అది ఆడేది నేనే. 😬 సరే, ముందు ఓకో, వెయిల్ సంగతి చూద్దాం. తమ్ముడికి ఇప్పుడే ఫోన్ చేశాను, ఈ ఆదివారం వస్తానన్నాడు. నాలుగో డ్రాకుసెత్ కావాలట వాడికి, ఎవరి దగ్గరైనా ఎక్కువుంటే చెప్పండి, మార్చుకోవడానికి నా దగ్గర బోన్‌క్రషర్ జెయింట్లు ఉన్నాయి.

తార్నాక_తులసి
నా దగ్గర ఒకటుంది. రాయదుర్గం మెట్రో దగ్గర ఇవ్వగలను, జెయింట్లు రెండు ఇవ్వాలి.